మన ఇంటికి ఎంత కరెంటు కావాలి?



కరెంటు బిల్లు రాగానే ఏం చూస్తాం? ఎన్ని రూపాయలు కట్టాలో చూస్తాం. ఆ కాగితం మీదే ఇంకో అంకె ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. దాని పేరు కాంట్రాక్టు లోడు. 'మా ఇంట్లో ఇంతవరకే కరెంటు వాడతాం' అని కరెంటాఫీసులో రాయించుకున్న లెక్క అది.

ఒక ఇంటి సంగతి చెప్పుకుందాం. ఆ ఇల్లాలు పెద్దయ్యాక రాత్రిబడిలో చదువు నేర్చింది. ఇల్లు కట్టినప్పుడు వాళ్లు 1 కిలోవాటు సర్వీసు తీసుకున్నారు. అప్పట్లో అది సరిపోయింది. తర్వాత ఇంటికి ఫ్రిజ్జు వచ్చింది. నీళ్ల మోటారు వచ్చింది. ఇస్త్రీ పెట్టె వచ్చింది. సర్వీసు మాత్రం పెరగలేదు.

ఇక సాయంత్రమైతే చాలు, ఫ్యూజు పోయేది. కొడుక్కి విసుగొచ్చింది. ఫ్యూజులో లావుపాటి రాగితీగ చుట్టేశాడు.

"ఇంక పోదులే అమ్మా" అన్నాడు.

నిజంగానే పోలేదు. మూడో రోజు మోటారు వేసి ఇస్త్రీ చేస్తుంటే మీటరు దగ్గర కాలిన వాసన వచ్చింది. చూస్తే వైరు మీది తొడుగు కరుగుతోంది! గబగబా మెయిన్ ఆపారు కాబట్టి సరిపోయింది. ఆ గోడ అవతలే గడ్డివాము ఉంది.

కుక్క మొరిగిందంటే ఎవరో వచ్చారని అర్థం. కుక్క నోరు కట్టేస్తే వచ్చిన దొంగ పోతాడా? ఫ్యూజు కూడా అంతే. లోడు ఎక్కువైందని అది చెబుతుంది. తాను కాలిపోయి ఇంటిని కాపాడుతుంది. లావు తీగ వేస్తే ఫ్యూజు కాలదు, లోపలి వైరు కాలుతుంది.

ఆ రాత్రి ఆ తల్లి పలక తీసుకుని కూర్చుంది. చాలా సామాన్ల మీద ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. మోటారు మీద హార్స్ పవర్ అని ఉంటుంది. 1 హార్స్ పవర్ అంటే 746 వాట్లు. కొడుకు చదివి చెప్పాడు, ఆమె రాసింది.

బల్బులు 4, ఒక్కోటి 9 వాట్లు: 36
ఫ్యాన్లు 2, ఒక్కోటి 75 వాట్లు: 150
టీవీ: 80
ఫ్రిజ్జు: 150
మిక్సీ: 500
మోటారు: 746
ఇస్త్రీ పెట్టె: 1000
మొత్తం: 2662 వాట్లు

1000 వాట్లు అయితే 1 కిలోవాటు. అంటే ఆ ఇంటికి దాదాపు 3 కిలోవాట్లు కావాలి. రాయించుకున్నది ఒక్కటే!

"అన్నీ ఒక్కసారే వేయం కదా" అన్నాడు కొడుకు.

"పండగనాడు వేయమా?" అంది తల్లి.

వైరుకు కూడా ఒక లెక్క ఉంది. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 2662ను 230తో భాగిస్తే దాదాపు 12 ఆంపియర్లు. సన్న పిల్లకాలువలోకి చెరువు నీరంతా వదిలితే గట్టు తెగుతుంది. సన్న వైరులో ఎక్కువ కరెంటు పారితే వైరు వేడెక్కుతుంది. అందుకే కాగితం మీద లోడు పెంచుకుంటే చాలదు. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో ఇంట్లో వైర్లు, ఎర్తు చూపించుకోవాలి. కొత్త సామాను కొనే ముందే ఈ లెక్క వేసుకోవాలి.

మర్నాడు ఆమె కరెంటాఫీసుకు వెళ్లింది. లోడు పెంచమని దరఖాస్తు తానే రాసింది. డబ్బు కట్టి రశీదు తీసుకుంది. లోడు పెంచుకుంటే ఖర్చు ఉంది, నిజమే. ఇల్లు కాలితే అయ్యే ఖర్చు ముందు అదెంత?

ఇంటికి వచ్చాక ఎలక్ట్రీషియన్‌ని పిలిపించింది. అతను మెయిన్ ఆపి ఆ రాగితీగ తీసేశాడు. పాడైన వైరు మార్చాడు. సరైన ఫ్యూజు తీగ వేశాడు. కొత్త లోడు మంజూరయ్యేదాకా మోటారు వేసినప్పుడు ఇస్త్రీ పెట్టె ముట్టుకోవద్దని ఆమె కొడుక్కి గట్టిగా చెప్పింది.

ఇవాళ ఇంటికి వెళ్లగానే మీరూ బిల్లు తీయండి. కాంట్రాక్టు లోడు ఎంతో చదవండి. ఇంట్లో సామాన్ల వాట్లు రాసి కూడండి. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. నేర్చిన చదువు, నేర్చిన కూడిక ఇల్లు కాపాడతాయి.

సెలవు.