నదిని తలలతో భాగిస్తే

ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు జలవిద్యుత్తు పాఠాన్ని ఒక లెక్కతో మొదలుపెట్టేవారు. మేడమీది వెయ్యి లీటర్ల ట్యాంకుడు నీళ్లు శ్రీశైలంలో లాగా ఓ ఎనభై మీటర్లు దిగి టర్బైన్‌ను తిప్పితే ఎంత కరెంటు వస్తుంది? యూనిట్‌లో అయిదో వంతు. దాంతో ఒక ఫ్యాను మూడు గంటలు కూడా తిరగదు. నార్వేలో కొన్ని కేంద్రాలకు నీళ్లు వెయ్యి మీటర్లు దిగి వస్తాయి. అదే ట్యాంకుకు అక్కడ రెండున్నర యూనిట్లు.

నార్వే ఏటా సుమారు 13,500 కోట్ల యూనిట్ల జలవిద్యుత్తు తీస్తుంది. మన దేశం తీసేది కూడా అటూ ఇటూగా 15,000 కోట్లే. వాళ్లు 55 లక్షల మంది, మనం 140 కోట్లు. భాగిస్తే వాళ్లకు తలకు 25 వేల యూనిట్లు, మనకు నూరు పైచిలుకు. వేసవిలో ఏసీ ఉన్న ఇంట్లో నూరు యూనిట్లు పది రోజులకు కూడా రావు.

యూనిట్లు పంచడం తేలికే. వాటికి వెల కట్టబోతేనే చిక్కు.

పరాగ్వే సంగతి చూడండి. 1973లో బ్రెజిల్‌తో ఒప్పందం చేసుకుని పరానా నదిమీద ఇటైపు కట్టారు, 14,000 మెగావాట్లు, చెరిసగం. 2016లో అది 10,300 కోట్ల యూనిట్లు తీసింది. అందులో సగం అరవై లక్షల జనానికి పంచితే తలకు ఎనిమిది వేల పైమాటే. కానీ ఒప్పందం ప్రకారం పరాగ్వే వాడుకోగా మిగిలిన వాటాను మూడో దేశానికి అమ్ముకోకూడదు. బ్రెజిల్‌కే ఇవ్వాలి, అదీ బజారు ధరకు కాదు. కట్టడానికి చేసిన అప్పు తీరడానికి 2023 దాకా పట్టింది. పరాగ్వే పల్లెల్లో చాలా ఇళ్లలో ఇంకా కట్టెల పొయ్యిలే.

భూటాన్‌ది మరో కథ. ఏడున్నర లక్షల పైచిలుకు జనం, మంచి ఏడాదిలో తలకు 14 వేల యూనిట్ల దాకా. చుఖా, తాలా కేంద్రాల మిగులు కరెంటు మనకే వస్తుంది. అయితే అక్కడ పెద్ద జలాశయాలు లేవు, నది పారితేనే కరెంటు. వానాకాలం మనకు అమ్మి, చలికాలం నదులు సన్నబడగానే మన దగ్గరే కొనుక్కుంటున్నారు. నార్వే అలా కాదు. యూరప్ జలాశయాల నిల్వ సామర్థ్యంలో దాదాపు సగం దానిదే. వేసవిలో కరిగిన మంచును దాచి, చలికి ధర పెరిగినప్పుడు వదులుతుంది. పైగా ప్రైవేటు కంపెనీ కట్టిన కేంద్రం గడువు తీరాక పైసా ఇవ్వకుండా ప్రభుత్వపరం కావాలని 1917లోనే చట్టం చేసుకుంది. నన్నడిగితే ఆ దేశపు అసలు ఆస్తి కొండలకన్నా ఆ చట్టమే.

మాస్టారు ఒప్పుకోకపోవచ్చు. ఆయనకు పల్లమే ప్రధానం.

తలసరి లెక్కలో తలలన్నీ ఒకటే. నేలమీద అలా కాదు. సీలేరు నదిమీద బలిమెల జలాశయం ఉంది. నీళ్లు ఒడిశాకు సగం, మన ఆంధ్రకు సగం. మన సగం దిగువన పొల్లూరు టర్బైన్లను తిప్పుతుంది. ఆ జలాశయం కట్టినప్పుడు ఒడిశాలోని మల్కన్‌గిరి వైపు నూటయాభై ఊళ్లు మూడు దిక్కులా నీళ్లు చేరి ఒంటరివైపోయాయి. చాలా ఊళ్లకు దశాబ్దాల తరబడి కరెంటు తీగ వెళ్లలేదు. 2018 జూలైలో గురుప్రియ వంతెన తెరిచేదాకా రోగిని ఆస్పత్రికి చేర్చాలన్నా పడవే గతి.