పచ్చికబయలులో విల్లు పట్టే ముందు



అమెరికాలో సొంతంగా ప్లాను వేసుకుని, విల్లుతో జింక వేటకు ఎలా వెళతారో చెప్పమన్నారు. ముందుగా ఒక హెచ్చరిక. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర అది నేరం. కృష్ణజింకను కొడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. మరి ఇక్కడ చేయకూడని పని గురించి వినడం దేనికంటారా? గైడుకు డబ్బు కట్టకుండా, ఏ భూస్వామినీ బతిమాలకుండా ఒక మామూలు ఉద్యోగి విల్లు తీసుకుని లక్షల ఎకరాల్లోకి నడిచిపోగలుగుతున్నాడంటే, వెనక పెద్ద ఏర్పాటే ఉండాలి. గడ్డినేలల మీద పనిచేసేవాణ్ణి కాబట్టి నాకు ఆ ఏర్పాటు మీదే ఆసక్తి.

నార్త్ డకోటాలోని లిటిల్ మిస్సోరీ నేషనల్ గ్రాస్‌ల్యాండ్ సంగతి చూద్దాం. విస్తీర్ణం పది లక్షల ఎకరాల పైమాటే. ఆ దేశంలో ఇలాంటివి 20 ఉంటే, అన్నిటిలోకీ పెద్దది ఇదే. 1862 హోమ్‌స్టెడ్ చట్టంతో మొదలై ఈ మైదానాల్లో భూములు పంచారు. రైతులు గడ్డిని దున్ని గోధుమ వేశారు. 1930లలో కరువు మీద కరువు, దుమ్ము తుపానులు. పంట పోయింది, అప్పు మిగిలింది. చితికిపోయిన ఆ పొలాలను ప్రభుత్వమే తిరిగి కొన్నది. అందుకు 1937లో బ్యాంక్‌హెడ్-జోన్స్ చట్టం తెచ్చారు. 1954లో ఆ భూములు ఫారెస్ట్ సర్వీసు చేతికి వచ్చాయి. 1960లో వాటికి నేషనల్ గ్రాస్‌ల్యాండ్స్ అని పేరు పెట్టారు.

ఈ చరిత్రంతా వేటగాడి మ్యాపులో కనిపిస్తుంది. అప్పట్లో కొందరు అమ్ముకుని పోయారు, కొందరు అమ్మకుండా ఉండిపోయారు. అందుకే ఈ రోజుకీ అక్కడ ప్రభుత్వ నేల, రాష్ట్ర నేల, సొంత పొలాలు గళ్లు గళ్లుగా కలిసి ఉంటాయి. ఏ గడి ఎవరిదో తెలియకుండా అడుగు వేయకూడదు. సరిహద్దులు చూపే మ్యాపును ఇంట్లోనే ఫోనులోకి దించుకోవాలి, అక్కడ సిగ్నల్‌ను నమ్ముకోలేం. నార్త్ డకోటాలో సొంతదారు బోర్డు పెట్టకుండా, ఆన్‌లైనులో ప్రవేశం లేదని నమోదు కూడా చేయకుండా ఉంటే ఆ పొలంలో వేటకు వెళ్లవచ్చు. పక్కనే ఉన్న మోంటానాలో అనుమతి అడిగి తీరాలి. నార్త్ డకోటాలోనే ఉన్న థియోడోర్ రూజ్‌వెల్ట్ నేషనల్ పార్కులోనైతే జింక వేటే లేదు. గ్రాస్‌ల్యాండ్‌లో పశువులు మేపుకొనే పర్మిట్ రైతులది. కాబట్టి తెరిచి ఉన్న గేటును తెరిచినట్టే, మూసి ఉన్న గేటును మూసినట్టే వదలాలి.

నేల దొరికినంత మాత్రాన జింక దొరికినట్టు కాదు. అడవి జంతువుల బాధ్యత రాష్ట్రానిది. ఏటా ఎన్ని లైసెన్సులు ఇవ్వాలో రాష్ట్రమే లెక్కగడుతుంది. బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లకు మ్యూల్ డీర్ అనే పెద్ద చెవుల జింక లైసెన్సు లాటరీలో రావాలి. విల్లు సీజను సెప్టెంబరు ఒకటికి అటూ ఇటూగా మొదలైతే దరఖాస్తు నెలల ముందే పడాలి. 1961 డిసెంబరు 31 తర్వాత పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి ఉండాలి.

ఇక అసలు రోజు. గుడారం వేసుకుని ఒకేచోట 14 రోజుల దాకా ఉండనిస్తారు. నీళ్లు మాత్రం ఎవరివి వాళ్లే మోసుకుపోవాలి. వానపడితే అక్కడి బంకమట్టి దారులు మన నల్లరేగడి పొలం బాటల్లాగే బండిని కదలనివ్వవు. తెల్లవారుజామున ఎత్తైన గట్టు మీద కూర్చుని బైనాక్యులర్స్‌తో వంకలన్నీ గాలిస్తారు. ఎండ ఎక్కేసరికి మ్యూల్ డీర్ నీడ చూసుకుని పడుకుంటుంది. ఎక్కడ పడుకుందో గుర్తుపెట్టుకుని, చుట్టు తిరిగి, గాలికి ఎదురుగా పాక్కుంటూ చేరాలి. పొద్దున చల్లగాలి వంకలోకి దిగుతుంది, నేల వేడెక్కాక పైకి తిరుగుతుంది. ఆ సంగతి మరిచిపోతే మనిషి వాసన మనిషికన్నా ముందే చేరుతుంది.

తుపాకీ అయితే దూరం నుంచి పని కానిస్తుంది. విల్లుకు ముప్పై, నలభై గజాల్లోపలికి వెళ్లాలి. బాణం చంపేది రక్తం పోగొట్టి. కాబట్టి జంతువు పక్కకు తిరిగి నిలబడి, ఊపిరితిత్తులకు దారి తెరుచుకుంటేనే వదలాలి. లేదంటే విల్లు దించేయాలి. సరిగ్గా తగిలిందనుకున్నా కనీసం అరగంట ఆగి రక్తపు జాడ పట్టుకోవాలి. వెంటనే తరిమితే గాయపడ్డ ప్రాణి మైళ్ల దూరం పోయి, ఎవరికీ దక్కకుండా చస్తుంది. సెప్టెంబరు ఎండకు మాంసం తొందరగా పాడవుతుంది. అందుకే బండి ఎంత దూరంలో ఉంది, ఐసు ఎంత ఉంది అన్న లెక్క బాణం వదలకముందే తేలాలి. జింకలకు వచ్చే క్రానిక్ వేస్టింగ్ జబ్బు కోసం పరీక్ష చేయించాలి. 1967లో కొలరాడోలో మొదట కనిపెట్టిన ఈ జబ్బుకు మందు లేదు. పాజిటివ్ వస్తే ఆ మాంసం తినొద్దని ఆరోగ్యాధికారుల సలహా.

ఇదంతా ఎవరి డబ్బుతో నడుస్తోంది? 1937లోనే పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్నును వన్యప్రాణుల పనికి రాష్ట్రాలకు పంచుతారు. 1972 సవరణతో విల్లంబుల మీదా 11 శాతం పన్ను చేరింది. అంటే మనం వేట ఆపిన ఏడాదే వాళ్లు వేటగాడి మీద పన్ను పెంచారు. ఏది మంచిదని నన్ను అడిగితే, మన జనసాంద్రతకు మన చట్టమే సరి అంటాను.

అయితే వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది. దున్ని పాడుచేసిన నేలను వాళ్లు తిరిగి కొని, గడ్డినేలగానే చట్టంలో రాసుకున్నారు. మన లెక్కల్లో పచ్చికబయళ్లు ఇప్పటికీ బంజరు ఖాతాలోకే పోతున్నాయి. బంజరని రాసిన చోట సోలారు ప్లాంటు వస్తుంది, క్వారీ వస్తుంది, ఎవరూ అడ్డుచెప్పరు. బట్టమేక పిట్ట కోసం 1988లో మన రోళ్లపాడును అభయారణ్యం చేశాం. ఇవాళ అక్కడ ఆ పిట్ట కనబడడమే గగనమైపోయింది. వేట ఆపినంత మాత్రాన సరిపోలేదు, చుట్టూ గడ్డి మిగలాలి. మీ ఊరి బీడును రికార్డులో ఏమని రాశారో రేపు వెళ్లి చూడండి. బంజరని ఉంటే గ్రామసభలో అడగండి.

ఇక మీ ప్రశ్నలు చెప్పండి.