పెళ్లి క్యాసెట్టు పారేయకండి



ఈరోజు పాత వీడియో క్యాసెట్టు గురించి మాట్లాడుకుందాం.

1990ల్లో చాలా ఇళ్లల్లో పెళ్లికి వీడియో తీయించారు. ఆ క్యాసెట్టు ఇప్పుడు ట్రంకు పెట్టె అడుగున ఉంది. వేసి చూడ్డానికి వి.సి.ఆర్. లేదు. "ఇంకెందుకిది?" అని కొందరు పారేస్తున్నారు. అలా చేయొద్దు.

అందులో ఏముంది? తలంబ్రాలున్నాయి. అప్పగింతలున్నాయి. ఇప్పుడు లేని అమ్మ అందులో నడిచి వస్తుంది. చాలా క్యాసెట్లలో మాటల మీద సినిమా పాటలు పెట్టేశారు. అయినా మధ్యలో ఎక్కడో నాన్న గొంతు వినపడుతుంది. ఫోటోలో మనిషి మాట్లాడడు కదా! క్యాసెట్టు పాడైతే ఆ గొంతు మళ్లీ రాదు.

ఎందుకు పాడవుతుంది?

లోపల సన్నని ప్లాస్టిక్ రిబ్బను ఉంటుంది. మూడు గంటల క్యాసెట్టులో దాని పొడవు సుమారు 250 మీటర్లు. దానికి అయస్కాంత గుణం ఉన్న పొడి పూస్తారు. బొమ్మ, మాట ఆ పొడిలోనే ఉంటాయి. తేమ తగిలితే బూజు పడుతుంది. ఎండ వేడికి రిబ్బను సాగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ బొమ్మ వెలిసిపోతుంది. పైగా మిషన్లు కూడా కరువవుతున్నాయి. జపాన్‌లోని ఫునాయ్ కంపెనీ 2016లో వి.సి.ఆర్.ల తయారీ ఆపేసింది. ఇప్పుడున్నవన్నీ పాతవే. అందుకే ఆలస్యం చేయకూడదు.

ఏం చేయాలి?

ఈ పని చేసే ఫోటో స్టూడియో ఎక్కడుందో కనుక్కోండి. వాళ్లు వి.సి.ఆర్.ని కంప్యూటరుకు కలుపుతారు. క్యాసెట్టు ఆడుతుంటే కంప్యూటరు దాన్ని ఎక్కించుకుంటుంది. మూడు గంటల క్యాసెట్టుకు మూడు గంటలూ పడుతుంది. తొందరపెట్టొద్దు. ఒక డీవీడీలో మామూలుగా రెండు గంటల బొమ్మ పడుతుంది. కాబట్టి రెండు డిస్కులు కావాలి.

గుర్తు పెట్టుకోండి:

1. రిబ్బన్ను వేలితో ముట్టుకోవద్దు. బూజు ఉంటే ఇంట్లో వేసి చూడొద్దు, తెగిపోవచ్చు. ఆ సంగతి షాపులో ముందే చెప్పండి.

2. రేటు ముందే అడగండి. రసీదు తీసుకోండి. ఎన్ని క్యాసెట్లు ఇచ్చారో అందులో రాశారా? చదివి చూడండి.

3. డిస్కును అక్కడే వేయించి చూడండి. మొదలు, మధ్య, చివర చూడండి. మాట వస్తోందా? వింటేనే డబ్బు ఇవ్వండి.

4. పాత క్యాసెట్టు కూడా వెనక్కి తెచ్చుకోండి.

5. డిస్కు మీద గీతలు పడితే అదీ పాడవుతుంది. అందుకే పెన్‌డ్రైవులో ఇంకో కాపీ పెట్టించండి. ఒకటి మీ ఇంట్లో, ఒకటి పుట్టింట్లో ఉంచండి.

చివరగా ఒక పని ఉంది. ఇది షాపువాళ్లు చేసేది కాదు, మీరే చేయాలి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఆ వీడియో చూడండి. బొమ్మలో ఎవరెవరున్నారో అడగండి. పేరు, వరస, ఊరు ఒక నోటుబుక్కులో మీ చేత్తో రాయండి. డిస్కు పైవైపు మార్కర్ పెన్నుతో ఎవరి పెళ్లో, ఏ సంవత్సరమో రాయండి. బాల్‌పెన్ను వాడొద్దు, గీసుకుపోతుంది.

రేపు మీ మనవరాలు "ఈ ఎర్రచీర ఆవిడ ఎవరు?" అని అడుగుతుంది. చెప్పే పెద్దవాళ్లు అప్పటికి ఉండకపోవచ్చు. మీరు రాసింది ఉంటుంది. తను చదువుకుంటుంది.