విని బదులిచ్చు బిళ్ళ

ఓడ విశాఖ రేవును సమీపించునపుడు తన క్రింది నీటి లోతును తెలిసికొనవలెను. పూర్వము నావికులు సీసపు గుండు కట్టిన త్రాటిని జారవిడిచి లోతు చూచెడివారు. ఇప్పుడు ఓడ అడుగున అమర్చిన పింగాణీ వంటి బిళ్ళ ఆ పని చేయుచున్నది. విద్యుత్తు సోకగానే అది కంపించి నీటిలోనికి ధ్వనిని పంపును. అడుగు తాకి మరలివచ్చిన ప్రతిధ్వని తన్ను ఒత్తగానే విద్యుత్తును పుట్టించును. నోరును అదియే, చెవియు అదియే. ఇట్టి బిళ్ళ మన వ్రేలితో సైతము మాటాడ నేర్చిన తీరును ఈ పూట ముచ్చటింతము.

కొన్ని స్ఫటికములను ఒత్తినచో వానిపై విద్యుదావేశము కలుగునని 1880లో పారిస్‌లో జాక్, పియరీ క్యూరీ సోదరులు కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో అవి రవంత సాగుటయు, కుంచించుకొనుటయు జరుగవలెనని 1881లో లిప్మన్ గణించి చెప్పగా, ఆ సోదరులే ప్రయోగముతో రుజువు చేసిరి. గ్రీకు భాషలో ఒత్తుటకు గల మాటనుండి దీనికి పియజో విద్యుత్తు అను పేరు వచ్చినది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయమున సూరి భగవంతముగారును వారి సహచరులును 1940 దశకమున శ్రవణాతీత ధ్వనులను స్ఫటికములలోనికి పంపి వాని స్థితిస్థాపకతను కొలిచిరి. ఆ ధ్వనులను పుట్టించినది క్వార్ట్జు స్ఫటికమే.

ఇక మీట సంగతి. సామాన్యమైన స్విచ్చిలో రెండు లోహపు ముక్కలు తాకవలెను. సముద్రపు ఉప్పుగాలికి అవి చిలుమెక్కును. పియజో మీటకు పైన సందులేని ఉక్కురేకు, దాని వెనుక అతికించిన బిళ్ళ ఉండును. వ్రేలు ఒత్తగానే రేకు వెండ్రుక మందములో స్వల్పభాగమంత వంగును. బిళ్ళలో విద్యుత్తు పుట్టును. వలయము ఆ సంజ్ఞను గ్రహించి, పదుల వోల్టుల తాకు నొకదానిని అదే బిళ్ళకు మరల పంపును. రేకు అదరును, వ్రేలికి టక్కుమన్నట్లు తోచును. సెకనుకు సుమారు 250 కంపనములను మన చర్మము మిక్కిలి సులభముగా గ్రహించును గనుక, కదలిక కొద్దిదైనను చాలును.

ఇందు రెండు చిక్కులు కలవు. ఒత్తి పట్టుకొనినచో పుట్టిన ఆవేశము కొలదిసేపటిలో జారిపోవును. కావున ఒత్తిన క్షణమును, విడిచిన క్షణమును వలయమే గుర్తుంచుకొనవలెను. మరి బదులు పంపునపుడు వినెడి భాగమును వేరుపరుపవలెను. లేనిచో ఆ వోల్టులు దానిని చెరచును, తన అదురునే క్రొత్త ఒత్తిడియని అది పొరబడును.

ఈ బదులెందులకందురా? మేము స్టుడియోలో మైకు ముందు కూర్చుండునపుడు, ఎఱ్ఱదీపము వెలిగినగాని మా మాట బయటికి పోవుచున్నదన్న ధైర్యము కలుగదు. అద్దపు తెరపై వ్రేలు పెట్టినవానికిని ఇదే సందేహము. కన్నులున్నవాడు తెరను చూచి సందేహము తీర్చుకొనును. చూపులేనివాని మాట యేమి? బ్రెయిలీ చుక్కలను లేపుచు, దించుచు పంక్తి వెంబడి పంక్తి చదివించు యంత్రములు కలవు. వానిలో సన్నని పియజో పట్టీలు చుక్కకొకటిగా వంగి మొలలను పైకెత్తును. ఒక్కొక్క అక్షరపు గడికి ఆరో ఎనిమిదో పట్టీలు వలయుటచే వాని వెల అధికము. అవి చాలమందికి అందుబాటులో లేవు.

రేవులో చీకటివేళ మీట నొక్కు కార్మికునకును, ఇంట చదువగోరు అంధబాలికకును కావలసినది ఒక్కటే: తన వ్రేలు చెప్పినది యంత్రము విన్నదన్న గుర్తు. ఆ గుర్తు అందరికిని చవుకగా దొరకునాడే ఈ విద్య సార్థకమగును.