వండినవారి పేరేది?

మాస్టారి పేరిట మాట్లాడమని నన్ను పిలిచిన వారి కుటుంబానికి కృతజ్ఞుణ్ణి. ఎండల మల్లన్న వెలసిన ఈ రావివలసలో ఆయన పాండిత్యం గురించి నేను చెప్పాల్సిన పనిలేదు. నాకు బాగా గుర్తున్నది ఒక్కటే. మా ఇంట భోంచేసిన ప్రతిసారీ వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, "అమ్మా, పులుసు బాగా కుదిరింది" అని మా అమ్మతో చెప్పి గానీ కదిలేవారు కారు. మా వీధిలో ఇంకే మగవాడూ ఆ మాట అనగా నేను వినలేదు.

వండినవారిని గుర్తించే ఆ అలవాటు నుంచే నా విషయం మొదలవుతుంది. మలక్కా, పెనాంగ్, సింగపూర్ రేవుల్లో స్థిరపడిన చీనా వర్తకులు స్థానిక స్త్రీలను పెళ్లాడారు. వారి సంతతి పెరనకన్లు. మగవారు బాబాలు, ఆడవారు న్యోన్యాలు. కొబ్బరిపాల లక్సా వారి వంటల్లో పేరుపొందినది. 2008లో సింగపూర్‌లో వారి పేర మ్యూజియం కూడా తెరిచారు. ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి.

నా పేచీ వేరు. 1980లో జాన్ క్లామర్ ఈ సమాజాన్ని విడి సంస్కృతిగా చూశాడు. 1988లో మలక్కా బాబాల మీద పుస్తకం రాసిన టాన్ చీ బెంగ్, మాట మలయ్ అయినా వారు తమను చీనీయులుగానే ఎంచుకుంటారన్నాడు. ఇద్దరూ గట్టి పండితులే. కానీ జాతి పేరు తేల్చే ఈ పద్ధతి వంటింట్లో పనికిరాదు. న్యోన్యాలు గర్వంగా వడ్డించే బువా కెలువాక్ కోడికూర చూడండి. అందులో వేసే గింజ విషం. బూడిదలో పాతిపెట్టి, రోజుల తరబడి నానబెడితే తప్ప తినరాదు. ఆ చెట్టు ఆగ్నేయాసియాది. ఆ విరుగుడు చీనా ఓడలో వచ్చింది కాదు, స్థానిక స్త్రీల చేతుల్లోంచి వచ్చింది. ఆ కూరను చీనా వారసత్వమని మాత్రమే రాసి ఊరుకుంటే, తండ్రి ఇంటిపేరు రాసి తల్లిని కొట్టేసినట్టే.

ఈ గొడవ మనకెందుకంటారా? మన రంగం కథలోనూ, అంటే మనవాళ్ళ బర్మా వలస కథలోనూ, ఇదే పొరపాటు జరుగుతోంది కనుక. కళింగపట్నం, బారువ, గోపాలపురం రేవుల నుంచి మనవాళ్ళు బర్మా వెళ్ళారు. 1931 నాటికి అక్కడ భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్‌లో సగానికి పైగా వారే. "మనవాళ్ళు కూలికి వెళ్ళారు, పంట డబ్బుతో తిరిగొచ్చారు, అక్కడివారితో కలవలేదు" అని నలభై ఏళ్ళుగా వింటున్నాను. రుజువుగా 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు, బర్మా కూలీల మధ్య రేగిన అల్లర్లను చూపిస్తారు. ఆ అల్లర్లు నిజం. తెలుగు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అయితే రేవులో కొట్టుకున్నవాళ్ళు సంతలో ఒకే గిన్నెలో తినలేదని ఎవరు చెప్పారు?

ఒన్నో ఖావ్‌స్వే అనే బర్మా వంటకం ఉంది. అందులో నూడుల్స్ చీనా దారిన వచ్చాయి. పులుసు కొబ్బరిపాలది. దాన్ని చిక్కబరిచేది శనగపిండి, అది భారతీయుల వంటింటి వాడుక. శనగపిండి తెలుగువారి సొత్తని నేననను. రంగంలో తమిళులు, బెంగాలీలు, ఒడియాలు కూడా ఉన్నారు. పెళ్ళిళ్ళ లెక్కల్లో కనపడని కలయిక ఒకటి ఆ గిన్నెలో ఉందన్నదే నా వాదన. జనాభా లెక్కల గుమాస్తా మతం అడిగాడు, భాష అడిగాడు. పొయ్యి మీద ఏముందని అడగలేదు. అతని లెక్కను తిండికి కూడా తుది సాక్ష్యంగా ఎలా ఒప్పుకుంటాం?

ఆ గిన్నె మన తీరానికి ఎలా చేరిందో చూడండి. 1941 డిసెంబరు 23న రంగూన్‌పై బాంబులు పడ్డాయి. ఆ తరువాతి నెలల్లో లక్షలమంది కొండలు, అడవులు దాటి నడిచొచ్చారు. 1964లో బర్మాలో నే విన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేశాక మరికొందరు ఓడలెక్కారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు వెలసింది. మద్రాసు రేవు దగ్గర అత్తో అనే బర్మా నూడుల్స్ అమ్మే బండ్లు నేటికీ ఉన్నాయి. చీనా నూడుల్స్ బర్మా వంటింటి మీదుగా మన తీరానికి వచ్చిన దారి ఇది. ఆ దారిలో మగవారు సరిహద్దు కాగితాలు మోస్తే, రుచి మోసింది ఆడవాళ్ళు.

ఇప్పుడు నేను పలాస, టెక్కలి, వజ్రపుకొత్తూరు, సోంపేట వైపు రంగం నుంచి తిరిగొచ్చిన ఇళ్ళ వంటలను రాసుకుంటున్నాను. వంటకం పేరు ఒక్కటే నాకు చాలదు. ఎవరు నేర్పారు, ఏ పేటలో, నేర్పినామె బర్మా మనిషా చీనా మనిషా, దొరకని దినుసు బదులు ఇక్కడ ఏం వేశారు — ఇవన్నీ కావాలి. ఎనభై దాటిన అవ్వలు ఇంకా చెప్పగలరు. మీ ఇళ్ళలో అలాంటివారుంటే, మాస్టారి కుటుంబం ఇచ్చిన చిరునామాకు ఈ ఏడాదిలోనే కబురు పెట్టండి. నేను వచ్చి కూర్చుని రాసుకుంటాను.