కాగితము లేదని బిడ్డను పంపవద్దు
(సంఘ వార్షిక సమావేశమున ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



డి.ఏ. గురించి, వైద్య ఖర్చుల గురించి పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. నేను బడిపంతులును. బడి మాటే చెబుతాను.

మన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలాంగీర్, నువాపడా వంటి జిల్లాల నుండి కుటుంబాలు వస్తాయి. దసరా దాటాక వచ్చి, వానలకు ముందు వెళ్ళిపోతాయి. తీసుకున్న అడ్వాన్సు తీరే వరకు ఇంటిల్లిపాదికీ బట్టీయే లోకం. మన బడులు తెరిచేది జూన్‌లో. వాళ్ళ పిల్లలు వచ్చేసరికి ఇక్కడ సగం పాఠాలు అయిపోతాయి. తిరిగి వెళ్ళేసరికి అక్కడి తరగతి ముందుకు సాగిపోతుంది. ఫ్యాక్టరీలకు, భవన నిర్మాణానికి బీహార్, ఉత్తరప్రదేశ్ నుండి వచ్చినవారి పిల్లలూ ఉన్నారు. వారిది హిందీ.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నేను ప్రధానోపాధ్యాయుడినైన కొత్తలో ఒక తండ్రి కూతురిని చేయి పట్టుకుని తెచ్చాడు. టి.సి. లేదు, పుట్టిన తేదీ తెలియదు. "కాగితాలు తీసుకురా" అని పంపేశాను. మళ్ళీ రాలేదు. నిబంధన పాటించాననే అనుకున్నాను. ఆ పిల్ల ముఖం నేటికీ మరువలేదు.

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఈ తప్పుకు తావు లేకుండా చేసింది. 6 నుండి 14 ఏళ్ళ పిల్లలను టి.సి. ఆలస్యమైందని గాని, వయసు రుజువు లేదని గాని నిరాకరించరాదు. వయసుకు తగిన తరగతిలో చేర్చి, వెనుకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి.

మన మనుమలు అమెరికా బడులలో చదువుతున్నారు. అక్కడ 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనీయుల పిల్లల కేసులో, ఇంగ్లీషు రాని పిల్లలకు సహాయం చేయకుండా వదిలేయడం తప్పని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1982లో, పత్రాలు లేని మెక్సికో పిల్లలను టెక్సాస్ బడులు కాదనరాదన్నది. మన పిల్లలకు అక్కడ కోరే ఆదరణ, ఇక్కడికి వచ్చిన బిడ్డకు మనం చూపవద్దా?

చట్టం ఉన్నా తలుపు తీసేది ప్రధానోపాధ్యాయుడే. వచ్చిన రోజే పేరు రాయాలి. రెండు భాషలు తెలిసిన పిల్లవాని ప్రక్కన కూర్చోబెట్టాలి. వెళ్ళేనాడు టి.సి.తో పాటు ఎంతవరకు చదివాడో ఒక చీటీ రాసి ఇవ్వాలి. మండల విద్యాధికారి బట్టీలు మొదలైన వెంటనే పిల్లలను లెక్కించాలి.

మన వంతు కూడా ఉంది. రైల్వేలోనో, పోస్టల్‌లోనో పని చేసి హిందీ, ఒడియా నేర్చినవారు మనలో ఉండవచ్చు. వారానికి ఒక పూట బడికి ఇవ్వండి. బట్టీ దగ్గర పిల్లల పేర్లు రాసి హెడ్మాస్టరుకు అందించండి. ఆనాడు నేను చేయని పని ఇప్పుడైనా చేద్దాము.