కాళ్లకు కరెంటు పెడితే రక్తప్రసరణ పెరుగుతుందా?

"మా నాన్న రోజూ ఫ్రీ థెరపీ సెంటర్‌కి వెళ్తున్నారు. అరగంట మెషీన్ మీద పాదాలు పెట్టిస్తారు. రక్తం బాగా తిరుగుతుంది, బ్లాకులు కరిగిపోతాయి, ఇక షుగర్ మాత్రలు అక్కర్లేదు అంటున్నారు. నిజమేనా?" ఇదీ ఇవాళ్టి ప్రశ్న.

ముందు ఓ చిన్న పని. ఫోన్ చూస్తూ కూర్చునే ఉన్నారుగా? మడమలు పైకెత్తి దించండి. పిక్క బిగుసుకుందా? అలా బిగుసుకున్నప్పుడల్లా అది లోపలున్న సిరల్ని పిండుతుంది. సిరల్లో కవాటాలు ఉంటాయి కాబట్టి రక్తం కిందికి జారకుండా పైకే వెళ్తుంది. పిక్కను రెండో గుండె అనేది అందుకే.

కరెంటు చేసేదీ ఇదే. విద్యుత్తు తగిలితే కప్ప కాలు కదులుతుందని గాల్వానీ 1791లోనే రాశాడు. చిన్న చిన్న పల్సులు నరాన్ని తట్టి లేపుతాయి, కండరం బిగుసుకుంటుంది, సిరలోని రక్తం ముందుకు కదులుతుంది. అంటే రక్తాన్ని తోసేది కరెంటు కాదు, మీ కండరమే! మెషీన్ ఆపేస్తే ఆ పనీ ఆగిపోతుంది.

మరి ఇది మోసమా? కాదు. కదల్లేని రోగుల కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. మందులు, ఇతర పద్ధతులు కుదరని అలాంటివాళ్లకి మోకాలి దగ్గర నరాన్ని ప్రేరేపించే చిన్న పరికరం వాడొచ్చని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2014లో సూచించింది.

కానీ ధమనిలో పేరుకున్న కొవ్వుని ఈ పల్సులు కరిగించవు. షుగర్‌ని నయం చెయ్యవు. నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతోందా? పాదం మీద పుండు మానడం లేదా? వెంటనే డాక్టర్‌కి చూపించండి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పెడితే లోపల గడ్డ ఉండొచ్చు, అప్పుడు మెషీన్ అసలు పెట్టకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా వాడొద్దు. షుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్లకి చర్మం కాలినా తెలీదు.

నాన్నతో గొడవ పెట్టుకోకండి. అక్కడ ఆయనకి నలుగురు తోడు దొరుకుతున్నారేమో. ఒక్కటే అడగండి: "నాన్నా, మాత్రలు వేసుకుంటున్నావా?" ఆయన తలొంచుకుంటే, రేపే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. సాయంత్రం ఆయనతో కలిసి కాసేపు నడవండి. ఉంటానండీ.